ఆడ అన్న మాట

నగరి బస్టాండు దగ్గర హెడ్ కానిస్టేబుల్ మునిచంద్రను దారి అడిగితే మాట వినబడదు. చెయ్యి లేస్తుంది, చూపుడువేలు అటు తిరుగుతుంది, అంతే. పొగరంటారు కొందరు.

ఆరేళ్ల కిందట ఆ నోటికి ఊరుకోవడం తెలియదు. ఎర్రచందనం దొంగలు దాక్కున్న ఇళ్లలోకి దూరే దళానికి అతణ్ణి ఎంపిక చేశారు. చిత్తూరు దగ్గర మూతపడ్డ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో శిక్షణ. ఇరుకు గదులు, మలుపు మలుపుకూ చీకటి, గోడల్లో ఇంకా ఆరని కుళ్లిన తీపి వాసన. దళంలో నలుగురూ ఒకరి వీపుకు ఒకరు అంటుకుని ఒకే జంతువులా కదలాలి. గడప మీద ఆగినవాడు చచ్చినవాడి కింద లెక్క. లోపల ఎవరున్నారో ముందువాడు ఒక్క మాటలో అరవాలి. "మగ" అంటే వెనకవాడు కొట్టాలి. "ఆడ" అంటే ఆగాలి.

మునిచంద్ర ముందు. కాకినాడ నుంచి వచ్చిన భానుచందర్ వెనక. మొదటి వారమే, తలుపు చాటున దొంగ వేషంలో నిలబడ్డ కానిస్టేబుల్‌ను చూసి మునిచంద్ర అరిచాడు. "ఆడ! ఆడ!"

భానుచందర్ ఆగాడు. దొంగ వేషంలో ఉన్నవాడి లాఠీ అతని మూతి మీద పడింది. రెండు పళ్లు నెత్తుటితో సహా నేల మీద రాలాయి.

"ఆడదెక్కడరా?" అంటూ శిక్షకుడు మునిచంద్ర తొడ మీద బాదాడు.

"ఆడ ఉండాడంటి సార్! ఆడ, తలుపెనక!"

"అక్కడ అనరా, అక్కడ! ఇంకోసారి నీ నాలుక జారితే వీడు పాడె ఎక్కుతాడు."

తొడల మీద వాతలు నల్లబడుతుంటే మునిచంద్ర స్నానం చేస్తూ, అన్నం తింటూ "అక్కడ, అక్కడ" అని గొణిగేవాడు. ఫోన్లో భార్య పవిత్ర నవ్వింది. "ఏంది, సినిమావోళ్ల మాదిరి మాట్లాడతా ఉండావే?"

భానుచందర్ బోసి చిగుళ్లతో అన్నాడు. "నీ నాలుకను నమ్ముకుంటే నాకు పళ్లు మిగలవురా. నేనే మీ భాష నేర్చుకుంటా. ఈడ, యాడ, ఆడ."

వేళాకోళం అనుకున్నాడు మునిచంద్ర.

మే నెల మధ్యాహ్నం, నిజమైన దాడి. చంద్రగిరి అవతల మామిడితోపులో పెంకుటిల్లు. మొదటి గదిలో గొడ్డలి గాలిని కోసింది. "మగ!" భానుచందర్ తుపాకి మడమ ఒక దవడను పగలగొట్టింది. రెండో గదిలో కత్తి మునిచంద్ర ముంజేతిని చీల్చింది. "మగ!" ఎముక విరిగిన చప్పుడు. చేతి నుంచి కారుతున్న ఎరుపును వెంట ఈడ్చుకుంటూ మూడో గడప దాటాడు. పొయ్యి పొగ. పొగలో ఒక ఆకారం, చేతిలో పొడుగ్గా ఏదో. గాజులు మెరిశాయి.

"ఆడ!" అన్నాడు మునిచంద్ర. ఆ మాట మొదటిసారి సరైన చోట పడింది.

భానుచందర్ ఆగలేదు. అతణ్ణి దాటి దూకి తుపాకి మడమ ఎత్తి కొట్టాడు. ఆమె తల పగిలింది. గరిటె నేల మీద మోగింది.

"ఆడ అంటినే!"

"ఆడ అంటే అక్కడనేగదరా!" భానుచందర్ గొంతు చిరిగింది. "నీ నోట ఎప్పుడూ అంతేగదరా!"

జీపులో ఆ ఇంటి వంటమనిషి తల మునిచంద్ర ఒడిలో ఉంది. ఒక కన్ను నెత్తుటితో మూసుకుపోయింది. రెండో కన్నుతో అతణ్ణి చూసి అడిగింది. "యాడికి తీసకపోతా ఉండారు నాయనా?"

ఆడికి, అనబోయాడు. నోరు తెరుచుకుంది. మాట రాలేదు. చెయ్యెత్తి తిరుపతి వైపు వేలు చూపించాడు. ఆ కన్ను వేలి వైపే తిరిగింది.

ఆసుపత్రి గేటు దాకా అతను ఆ వేలు దించలేదు. అప్పటికే దాన్ని చూసే చూపు దారిలో ఆగిపోయింది.