ఆమె పేరు లక్ష్మి కాదు

ఇన్నేళ్లుగా ఒక పేరు నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం దిగుతుంది, నీళ్లు దిగుతాయి, రాత్రి నిద్ర కూడా పడుతుంది. ఈ పేరు మాత్రం లోపలికి పోదు, బయటికి రాదు. ఎవరికైనా చెప్పుకుందామంటే నా చుట్టూ ఉన్నవాళ్లంతా నేను మంచిదాన్ని అనుకునేవాళ్లే. అందుకే ఈ ఉత్తరం చదివే మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు. నా పేరు నేను చెప్పను. అది పిరికితనమే, నాకు తెలుసు.

నేను పుట్టింది మాధవరంలో. మా నాన్న మంత్రాలయంలో యాత్రికుల చేత పూజలు చేయించేవాడు. ఆదోనికి కోడలిగా వచ్చాను. మా ఆయన పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. పిల్లల చదువులు పైకి పోయేకొద్దీ ఆయన జీతం చాలక, ఏదైనా చిన్న వ్యాపారం పెట్టుకుందామని ఎమ్మిగనూరులో ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే శిక్షణలో చేరాను. ఆదోని నుంచి రోజూ పొద్దున బస్సు. అదే బస్సులో అదే శిక్షణకు మార్తమ్మ వచ్చేది. కౌతాళం దగ్గర పల్లె ఆమె పుట్టిల్లు. మొగుడు ఆదోనిలోనే మిల్లులో హమాలీ. పెళ్లికి ముందంతా పత్తి చేలల్లో కూలికి పోయిన మనిషి. బస్సులో సీటు దొరికితే నాకు పట్టి ఉంచేది. నేను ఎప్పుడైనా ఆమెకు పట్టి ఉంచానా? గుర్తు లేదు. గుర్తు లేదంటే ఉంచలేదనే అర్థం.

ఒకరోజు శిక్షణ ఇచ్చే సారు మమ్మల్ని అందరినీ ఒక ప్రశ్న అడిగాడు. వ్యాపారానికి సరుకు కోసం ఎక్కడెక్కడికో పరిగెత్తకండి, మీ చుట్టుపక్కల ఏం దొరుకుతుంది, దాన్ని కొనేవాళ్లు మీ చుట్టుపక్కల ఎవరున్నారు, ఆ రెండూ చెప్పండి అన్నాడు. తలా ఒకటి చెప్పారు. అప్పడాలు, కుట్టుపని, బ్యూటీ పార్లరు. నేను ఊరగాయలు అన్నాను. నా పక్కన కూర్చున్న మార్తమ్మ లేచి, కొంచెం భయపడుతూనే అడిగింది. "ఆదోని నిండా దూది. మంత్రాలయం నిండా దీపాలు. నడుమ వత్తులు సేసేవాళ్లే లేరా సార్?"

సారు ఆ మాటను బోర్డు మీద రాశాడు. తర్వాత అందరి చేతా చప్పట్లు కొట్టించాడు. అంతకు ముందు మంత్రాలయం అంగళ్లలో అమ్మే వత్తులు ఎక్కడో పెద్ద ఊళ్లలో పొట్లాలు కట్టి లారీల మీద వచ్చేవి. నేను ఆ దీపాల మధ్యే పుట్టి పెరిగాను, మా ఆయన దూది మధ్యే బతుకుతున్నాడు. నాకు తట్టలేదు. ఆ మాట నాది కాదని ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే తర్వాత చాలాచోట్ల దాన్ని నా మాటగా చెప్పుకున్నాను.

ఇద్దరం కలిసి మొదలుపెట్టాం. మా ఆయన తనకు తెలిసిన మిల్లులో మంచి దూది ఇప్పించేవాడు. మా ఇంటి వెనక రేకుల గదిలో కూర్చుని చేసేవాళ్లం. పువ్వొత్తులు ఆమె చేతిలో చకచకా తిరిగేవి. నేను చేసినవి వదులుగా వచ్చేవి, ఆమె నవ్వుకుంటూ వాటిని మళ్లీ విప్పి చుట్టేది. పని మధ్యలో కాఫీ ఇచ్చేదాన్ని. ఆమె గ్లాసు వేరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎప్పుడూ మాట్లాడలేదు. అయినా ఆ గదిలో మేం సంతోషంగానే ఉండేవాళ్లం. ఇది నిజం. సంతోషంగా లేకపోయి ఉంటే ఇప్పుడు నాకింత బాధ ఉండేది కాదు.

మంత్రాలయంలో పూజాసామాను అమ్మే ఒకాయన మా నాన్నకు బాగా తెలిసినవాడు. ఆయన్ని నేను చిన్నప్పటి నుంచి అన్నా అనే పిలిచేదాన్ని. నమూనా చూసి, బాగున్నాయమ్మా, మడితో చేస్తారు కదా అని అడిగాడు. మా నాన్న కూతుర్ని కాబట్టి అడిగాడు. అవునన్నాను. మడితో చేసిన వత్తులు అని పొట్లాల మీద కాగితం అంటించి ముందు వరుసలో పెట్టాడు. మఠం వాళ్లు ఎవరూ అట్లాంటిది అడగలేదు. అది అమ్ముకోవడానికి ఆయన పెట్టిన మాట, ఒప్పుకున్నది నేను. సరుకు మాత్రం నిలవలేదు, పెట్టినవి పెట్టినట్టే పోయేవి. మార్తమ్మ ఆ కాగితం చూసి నవ్వింది. "తానం సేసే కూచుంటాండాను గదక్కా, మడే" అంది. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో ఆ సంగతి అయిపోయిందనుకున్నాను.

ఒక గురువారం సరుకు ఎక్కువైంది. రెండు పెద్ద సంచులు. నేనూ వస్తాను అక్కా, మన వత్తులు ఎట్లా అమ్ముతాండారో చూస్తాను అని మార్తమ్మ బయల్దేరింది. కొత్త చీర కట్టుకుంది. వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బస్సు దిగి అంగడికి పోయేదాకా నా మనసులో ఒకటే గొణుగుడు. ఆయన అడగకుండా ఉంటే బాగుండు, అడగకుండా ఉంటే బాగుండు.

ఆయన అడిగాడు.

"ఎవురమ్మా ఈమె?"

మార్తమ్మ మొహం నిండా నవ్వుతో పేరు చెప్పబోయింది. నేను అడ్డం పడ్డాను.

"లక్ష్మి. మా ఇంట్లో పనిచేస్తుంది. సంచులు మోయడానికి తెచ్చుకున్నాను."

"వత్తులు ఈమె ముట్టలేదు గదా?"

"లేదన్నా. అన్నీ నేనే చేస్తాను."

ఆయన ఆమె వైపు తిరిగి, "లక్ష్మమ్మా, సంచి ఆ మూల పెట్టమ్మా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆమె పెట్టింది. ఆ పేరుకు పలికి, ఆ మూలకు పోయి, సంచి దించి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి నా వెనక నిలబడింది. అది అబద్ధమని ఆమె అందరి ముందూ అని ఉంటే, నేను అప్పుడే కూలిపోయి ఉండేదాన్ని, బహుశా బతికిపోయి కూడా ఉండేదాన్ని. ఆమె అట్లా చేయలేదు. నా అబద్ధాన్ని నిలబెట్టి, వ్యాపారాన్ని కాపాడింది.

తిరుగు బస్సులో మాధవరం దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత నెమ్మదిగా అడిగింది. "పనిమనిషి అంటివి, కానీలే అక్కా. పేరెందుకు మారిస్తివి? అది మాయమ్మ పెట్టిన పేరు."

వ్యాపారం కోసం అన్నాను. ఇద్దరి మంచికే అన్నాను. ఆ పేరు వింటే ఆయన సరుకు వెనక్కి పంపేవాడు, అప్పుడు నీకూ నష్టమే కదా అన్నాను. నేను చెప్పిందాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు కాదు, అదే నన్ను ఇన్నాళ్లు కాపాడుతూ వచ్చింది. ఆమె మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

ఇక్కడితో ఆగి ఉంటే, భయపడ్డాను అని చెప్పుకుని ఏదో ఒక విధంగా బతికేదాన్ని. భయం మనిషి చేత ఎన్నో చేయిస్తుంది. కానీ దీని తర్వాత నేను చేసినదానికి భయాన్ని అడ్డు పెట్టుకోలేను. మీకు ఈ ఉత్తరమంతా రాస్తున్నది అది చెప్పడానికే.

ఆ తర్వాత పత్తి తీతలు మొదలయ్యాయని ఆమె కొన్నాళ్లు పుట్టింటికి పోయింది. మళ్లీ వస్తానని చెప్పే పోయింది. ఆ సమయంలోనే శిక్షణ సారు మా ఇంటికి వచ్చాడు. మీ ఇద్దరి పేరు మీదా వత్తులు చేసే యంత్రం ఇప్పించే అవకాశం వచ్చింది, ఇద్దరూ సంతకాలు పెట్టాలి, మార్తమ్మ ఎక్కడ అని అడిగాడు. కౌతాళం దగ్గర పల్లెకు ఒక కబురు. ఫోను చేస్తే సరిపోయేది. ఆమె నంబరు నా దగ్గర ఉంది.

ఆమెకు ఇష్టం లేదు సార్, మానేసింది అన్నాను. ఆమె బదులు మా తోడికోడలు చేస్తుంది అన్నాను.

ఎందుకన్నాను? నన్ను నేను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నానో. ఆశ ఉందా? ఉంది, కానీ అంతా ఆశ కాదు. ఆమె రేపు మళ్లీ వచ్చి ఆ గదిలో నా ఎదురుగా కూర్చుంటుంది. వత్తి చుడుతూ నవ్వుతుంది. ఏమీ అనదు. ఆ ఏమీ అనకపోవడాన్ని రోజూ భరించడం నా వల్ల కాదనిపించింది. తప్పు చేసిన మనిషికి, తప్పు ఎవరికి జరిగిందో ఆ మనిషి మీదే కోపం వస్తుందని నాకు అంతకు ముందు తెలియదు. నాకు మార్తమ్మ మీద కోపం వచ్చింది. నమ్ముతారా?

ఆమె తిరిగి వచ్చిన రోజు యంత్రం నడుస్తోంది. తోడికోడలు దాని ముందు కూర్చుని ఉంది. మార్తమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూసింది. నేను ఏదో చెప్పబోయాను. "బాగుండాది" అంది యంత్రాన్ని చూసి. వెళ్లిపోయింది. తర్వాత ఆమె మొగుడు నడుము దెబ్బతిని మిల్లు మానేశాడని, ఇద్దరూ బళ్లారి వైపు కూలికి పోయినారని మా ఆయన చెప్పాడు. పాపం అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

వ్యాపారం పెరిగింది. పిల్లలు చదువుకున్నారు. కొన్నాళ్లకు ఎమ్మిగనూరు శిక్షణ వాళ్లు, మన దగ్గర నేర్చుకుని పైకొచ్చిన మహిళ అని కొత్త బ్యాచ్‌లకు నా చేత మాట్లాడించడం మొదలుపెట్టారు. ఆ పాత సారు బదిలీ అయిపోయాడు, అసలు సంగతి తెలిసినవాళ్లు అక్కడ ఎవరూ లేరు. నేను వేదిక మీద నిలబడి, ఆదోని నిండా దూది, మంత్రాలయం నిండా దీపాలు అని మొదలుపెట్టేదాన్ని. చప్పట్లు పడేవి. ఎన్నోసారికో నాకే నమ్మకం కుదిరింది, అది నాకు తట్టిన ఆలోచనేనని.

పోయిన నెల మళ్లీ పిలిచారు. పోయి మాట్లాడాను. చప్పట్లయ్యాక, అక్కడి పద్ధతి ప్రకారం ఒక్కొక్కరూ లేచి పేరు, ఊరు, ఏం చేయాలనుకుంటున్నారో చెప్పి నన్నొక ప్రశ్న అడగాలి. వెనక వరుసలో ఒకామె లేచింది. జుట్టు సగం తెల్లబడింది. నేను గుర్తుపట్టేలోపే చెప్పింది.

"నా పేరు మార్తమ్మ. కౌతాళం దగ్గర పల్లె. వత్తులు సేద్దామని ఉండాది." నన్నే చూస్తూ అడిగింది. "మంచి దూది యాడ దొరుకుతాదో సెప్పండి మేడమ్."

అక్కా అనలేదు. హాల్లో అందరూ నా జవాబు కోసం చూస్తున్నారు. ఇప్పుడు చెప్పవచ్చు. ఈమే, ఆ మాట ఈమెదే అని ఒక్క మాట. నోరు తెరిచాను. ఏ మిల్లుకు పోవాలో, ఎవర్ని అడగాలో, దూది ఎట్లా చూసుకోవాలో చెప్పాను. ఆమెకు. దూది ఎట్లా చూసుకోవాలో ఆమెకు చెప్పాను. సరే మేడమ్ అని కూర్చుంది. భోజనాల వేళ ఆమె ఉన్న వైపు పోకుండా పక్క తలుపు నుంచి బయటపడి ఆదోని బస్సెక్కాను.

క్షమించమని అడగడానికి పోవచ్చు కదా అంటారేమో. ఆలోచించాను. క్షమించమంటే, నా కోసం ఆమె ఇంకో పని చేసిపెట్టాలి. ఇప్పటికే చాలా చేసింది. యంత్రంలో, వ్యాపారంలో, ఇన్నేళ్ల రాబడిలో ఆమె వంతు ఉంది. అది ఇవ్వాలంటే ఇంట్లో అందరికీ ఎందుకో చెప్పాలి. ఆ ధైర్యం ఈరోజుకింకా రాలేదు. వస్తుందని మీకు మాట ఇవ్వను, ఇచ్చి తప్పితే అది ఇంకో అబద్ధం.

ఇంతే చేయగలిగాను. ఆదోని దూదినీ మంత్రాలయం దీపాన్నీ కలిపింది మార్తమ్మ. నేను కాదు. ఈ ముక్క రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను. రాశాక లేచి పోయి మంచినీళ్లు తాగాను.