కట్టెలకు వల వేసిన చలికాలం

నెల్లూరు సముద్రపొడ్డున చలేమిటని మీరు నవ్వితే నేనేమీ అనుకోను. ఊటీలు, ఢిల్లీలు చూసొచ్చినవాళ్ళకు మా చలి ఒక చలిలా కనిపించదు. కానీ నేను పదిహేడేళ్ళ కొత్త కోడలిగా ఇందుకూరుపేట అవతలి జాలర్ల పాళెంలో అడుగుపెట్టిన ఏడాది, మార్గశిరం వచ్చేసరికి పొద్దున్నే ఇసకలో కాలు పెడితే కాలు నాది కాదనిపించేది. తాటాకు ఇంట్లోకి గాలి పిలవని చుట్టంలా వచ్చి, మూల మూలా తిరిగి, అందరినీ పలకరించి పోయేది. మామ రెండు దుప్పట్లు కప్పుకుని పొయ్యి పక్కన కూర్చుంటే, ఏది మామో ఏది వలల మూటో నాకు కాసేపు తెలిసేది కాదు. (ఒకసారి మూట అనుకుని జరపబోయాను. మూట దగ్గింది.)

మాది తడ దగ్గర, పులికాట్ సరస్సు ఒడ్డు. మా సరస్సులో చాలాచోట్ల నీళ్ళు మోకాటి లోతే. మనిషి పడవలోంచి పడ్డా లేచి నిలబడి, తిట్టుకుంటూ ఇంటికి నడిచి రావచ్చు. ఇక్కడి సముద్రం అట్లాంటిది కాదని పెళ్ళిచూపుల నాడు నాకు ఎవరూ చెప్పలేదు. పైగా మా ఊరి తెలుగులో సగం అరవం. కాపురానికొచ్చిన కొత్తలో "అత్తా, విరగు తెచ్చేదా?" అని అడిగాను. అత్త గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. "ఏందిమే విరిగింది? కుండా?" అంది. కాదు, కట్టెలు, అని చేతులతో చూపించాను. "కట్టెలనుమే! పొద్దున్నే విరిగింది విరిగింది అనబాక, సముద్రం మీద బతికే కొంప ఇది" అంది అత్త. ఆ రోజు నుంచి కట్టెలు తెచ్చే పని నాదే అయింది, మాట నేర్చుకోవడానికేమో.

ఇంట్లో నలుగురం. అత్త, మామ, మా ఆయన, నేను. ఉన్నది ఒక గది, ముందొక వసారా, మధ్యన ఒక తడిక. పగలు పెద్దవాళ్ళ ముందు మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకుంటే సిగ్గుమాలినతనం. పొద్దుగూకినాక గుసగుసలాడదామంటే తడిక అవతల మామ దగ్గేవాడు. ఆయన దగ్గు నిజమైన దగ్గో, హెచ్చరిక దగ్గో ఈనాటికీ నాకు తేలలేదు. పెళ్ళయి నెలలు గడిచినా మా ఆయనకు వంకాయ ఇష్టమో కాదో అడిగి తెలుసుకునే వీలు నాకు దొరకలేదు. మామూలు రోజుల్లో ఆయన చీకటితో తెప్పేసుకుని వేటకు పోతే ఎండెక్కినాక వచ్చేవాడు, తిని పడుకునేవాడు.

ఆ ఏడు మాత్రం వాయుగుండం వెనక వాయుగుండం. పాళెంలో ఎవరూ సముద్రంలోకి దిగలేదు. తెప్పలు విప్పి దుంగలు ఇసకలో ఆరబెట్టారు. ఎండుచేపలూ గంజీతో ఇల్లు నడుస్తోంది, ఎండుచేపల బుట్ట అడుగు కనబడుతోంది. అత్త శుక్రవారం శుక్రవారం గంగమ్మకు కర్పూరం వెలిగించి, "తల్లీ, చాలు, ఇంక శాంతించు" అని దణ్ణం పెట్టుకునేది. నేనూ పక్కనే నిలబడి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకునేదాన్ని: "తల్లీ, ఇంకొన్నాళ్ళు ఇట్టనే ఉండు." ఒకే కర్పూరం మీద రెండు మొక్కులు. గంగమ్మ ఎట్లా సర్దుకునిందో పాపం. ఆయన పగలంతా ఇంటి పట్టున ఉన్నాడన్న సంతోషంలో ఎండుచేపల బుట్ట నాకు కంటికి ఆనలేదు.

మా కట్టెల గురించి చెప్పాలి. సరుగుడు కట్టెలు మంచివే కానీ కొన్నే. పెరట్లో మిగతా గుట్టంతా తాటి మట్టలూ తుమ్మ కంపా. తాటిమట్ట అంచు రంపంలా ఉంటుంది, తుమ్మముల్లు సంగతి మీకు తెలుసు. చలికి మొద్దుబారిన వేళ్ళకు అవి గుచ్చుకున్నది కూడా తెలిసేది కాదు, పొయ్యి దగ్గరికి వచ్చి వెచ్చబడ్డాక ఒక్కసారిగా మండేది. ఒక పొద్దున ఆయనకు గంజి పోస్తుంటే నా అరచేతికి పెట్టుకున్న పసుపు కనబడింది. "చెయ్యేమైంది?" అన్నాడు. పట్టపగలు! అత్త ముందే! గంజి గిన్నె దాటి పొర్లింది. అత్త తల తిప్పి చూసింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అది కాదుమా... కట్టెలు పట్టుకునేదానికి ఒక పనిముట్టు ఉండాలిగదా ఇంట్లో... అందుకని..." అన్నాడు. అట్లా మొదలైంది.

మరునాడే ఎక్కడో పగిలిన పీపాకు ఉన్న ఇనప పట్టీ ఒకటి తెచ్చి పెరట్లో కూర్చుని రాయితో కొట్టడం మొదలుపెట్టాడు. పట్టకారు చేస్తాడట. ఒక కొస నేను పట్టుకోవాలి, లేకపోతే వంగదు. (వంగుతుంది. నేను లేనప్పుడు వంగడం నేనే చూశాను.) అట్లా పట్టుకుని కూర్చుని వంకాయ సంగతి అడిగేశాను. ఇష్టం లేదట. ఆ పూట పట్టకారు పూర్తయింది, సన్నగా, అందంగా, మా ఇద్దరి కంటికి దేవుడి ఆయుధంలా. అత్త దాన్ని అందుకుని పొయ్యిలో మండుతున్న కొరివిని పట్టుకుని నొక్కింది. ఇనప పట్టీకి స్ప్రింగు గుణం ఉంటుందని మాకేం తెలుసు. కొరివి కొస నిప్పు టప్పున ఎగిరి, దుప్పట్ల మూటలా కూర్చున్న మామ ముందర పడింది. అత్త కెవ్వుమంది. మామ నింపాదిగా ఆ నిప్పుతో బీడీ ముట్టించుకుని, "బాగానే చేసినాడే నీ కొడుకు. లేచే పనిలేదు" అన్నాడు.

పట్టకారుతో గుట్టలోంచి కట్టెలు తేలేం కదా, అందుకని రెండోది మొదలైంది. పాత వలతో జోలె కుట్టాడు. అందులో కంప వేసి ఇద్దరం రెండు వైపులా పట్టుకుని మోసుకురావాలి. (ఇద్దరం అన్నమాట గమనించే ఉంటారు.) మోసుకొచ్చాం. దించాం. తుమ్మ కంపలో ప్రతి ముల్లూ ఒక్కొక్క వల కన్నులో దూరి కూర్చుంది. వల లాగితే కంప వస్తుంది, కంప లాగితే వల వస్తుంది. పొయ్యి మీద ఎసరు పెట్టుకున్న అత్త కట్టెల కోసం కేకలు వేస్తుంటే, మేమిద్దరం వలలోంచి చేపలు ఒలిచినట్టు ఒక్కో ముల్లే ఒలుచుకుంటూ కూర్చున్నాం. ఆ పూట ఆయన చిన్నప్పుడు సముద్రంలో దారి తప్పిన కథ చెప్పాడు. నేను మా సరస్సుకొచ్చే కొంగల గురించి చెప్పాను. ఎసరు చల్లారిపోయింది. "కట్టెలకి వలేసే మొగోడిని నా జన్మలో చూళ్ళా" అని అత్త నెత్తి కొట్టుకుంది. నాకు మాత్రం ఆ వేళే ఒక సంగతి అర్థమైంది, పనిముట్టు ఎంత పనికిరానిదైతే మాకు అంత మంచిదని. ఆ సంగతి ఆయనకూ అర్థమైందని మూడో పనిముట్టు చూశాక తెలిసింది.

అది దోటి. పొడుగాటి సరుగుడు కర్ర, కొసన ఇనప కొంకి. గుట్ట వెనక ఉన్న మంచి కట్టెలు ముందు నుంచే లాక్కోవచ్చని ఆయన ఆలోచన. మా గుట్టకూ పక్కింటికీ మధ్య ఒక తాటాకు తడిక ఉండేది. పక్కింటావిడను పాళెమంతా రేడియో అక్క అని పిలిచేవాళ్ళు, కారణం చెప్పనక్కర్లేదు. ఆయన కొంకి తగిలించి, కాళ్ళు ఇసకలో తన్నిపెట్టి, వల లాగినట్టు ఒక్క లాగు లాగాడు. గుట్టంతా కదిలింది. కట్టెలు మా మీదికి దొర్లుతుంటే ఆయన నన్ను నడుము పట్టి పక్కకు లాగాడు. తడిక అటు పడింది. దుమ్ము అణిగేసరికి అవతల గిన్నెలు తోముకుంటున్న రేడియో అక్క, చేతిలో పీచు అట్లాగే పట్టుకుని మమ్మల్ని చూస్తోంది. ఆయన చెయ్యి ఇంకా నా నడుము మీదే ఉంది. "ఏమ్మో! పట్టపగలు!" అంది. అన్నం వేళకల్లా వార్త పాళెం చివరిదాకా పోయింది.

అత్త ఆ రోజు అన్న మాటలన్నీ రాయలేను. చివరి మాట మాత్రం, "ఇంక ఈ ఇంట్లో ఒక్క పనిముట్టు చేసినావంటే చూడు! నువ్వు ఒడ్డుకు పోయి వలలు చూసుకో. నువ్వు మే, చేతులు గీసుకుంటే గీసుకో, దగ్గరికి మటుకు పోబాక." ఆయన తడిక మళ్ళీ కట్టి, తల వంచుకుని ఒడ్డుకు పోయాడు. ఆ తర్వాతి రోజులు ఎంత పొడుగ్గా గడిచాయో! ఒకే ఇంట్లో ఉంటూ మనిషి మీద బెంగ పెట్టుకోవడమంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. కట్టెలు తెస్తూ, కావాలనే తాటిమట్టలే ఏరుకునేదాన్ని. చెయ్యి చూసి మళ్ళీ అడుగుతాడేమోనని. ఆయన చూసేవాడు. అడిగేవాడు కాదు.

ఒక పొద్దున, మంచు ఇంకా విడవలేదు, అత్త పొయ్యి దగ్గర పట్టకారును అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరితోనో అన్నట్టు "ఇది వదులైపోయింది" అంది. నేను కట్టెలు సర్దుకుంటున్నాను. "నీతోనేమే. ఇది వదులైపోయింది. వాడు పెరట్లో ఉండాడు, పోయి బిగించుకురాపో." నేను నమ్మలేక నిలబడ్డాను. అత్త మామ వైపు తిరిగింది. "నువ్వేంది ఈడ? పోయి ఒడ్డున కూర్చోపో."

"చలే! నేనేం చేసినా?" అన్నాడు మామ.

"లెయ్యి ముందు."

మామ రెండు దుప్పట్లతో లేచి, దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు. అత్త పొయ్యిలోకి చూస్తూ మెల్లగా చెప్పింది. "నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తల్లో వలలు చించేదాన్ని. ఎవరూ చూడకుండా. అవి కుట్టేదానికి మీ మామ ఇంట్లో కూర్చునేవోడు, నేను దారం అందించేదాన్ని. మా అత్త ఎలకలని అనుకునింది. పిల్లిని తెచ్చి సాకింది." అని చెప్పి నవ్వింది. అత్త నవ్వగా చూడటం నాకదే మొదలు. పై పళ్ళలో ఒకటి లేదని కూడా అప్పుడే చూశాను. "పోమే, నిలబడిపోయినావు. తొందరగా రాబాక" అంది.

అంతలో గంగమ్మ మా అత్త మొక్కే విన్నది. గాలి మళ్ళింది, సముద్రం దిగింది. తెప్పలు కట్టారు. ఆయన పోయిన మొదటి పొద్దున నేను ఒడ్డున అత్త పక్కన నిలబడ్డాను. అలల మీద లేచి పడుతూ పోతున్న ఆ నాలుగు దుంగలను చూస్తుంటే మోకాటి లోతు మా సరస్సు గుర్తొచ్చింది. ఇంత సముద్రం మీదికి పంపడానికి నాకు మనసెట్లా ఒప్పిందో నాకే తెలియలేదు. అత్త తన దుప్పటిలో సగం నా భుజాల మీద కప్పింది. ఎండెక్కింది. ఒక్కొక్క తెప్పే వచ్చింది. బుట్టల్లో కానగంత చేపలు మెరిశాయి. ఆయన తెప్ప లేదు. ఆడవాళ్ళు చేపలు ఏరడం మానేసి సముద్రం వైపు తిరిగారు. అప్పుడు కనపడింది దూరంగా, మిగతా తెప్పల కంటే మెల్లగా, వెనకాల ఏదో బరువు లాక్కుంటూ. పెద్ద చేప పడిందని ఒడ్డంతా నీళ్ళలోకి ఉరికింది.

చేప కాదు. తుఫానుకు కొట్టుకొచ్చిన పెద్ద వంకర దుంగ. ఆయన అందరి మధ్యలో నిలబడి, తడిసి వణుకుతూ, నాకేసి చూసి గట్టిగా అరిచాడు: "ఇదో! దీంతో కట్టెల బండి చేద్దాం మే!" పాళెమంతా పడీ పడీ నవ్వింది. రేడియో అక్క ఇసకలో కూలబడి నవ్వింది. "చేపలేవిరా?" అంది అత్త. నేను ముఖం దాచుకోవడానికి చోటు లేక ఆమె దుప్పటిలోనే దూరాను. లోపల నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకు తెలియలేదు. ఆ బండి మేము చేయనేలేదు. రేపు రేపనుకుంటూనే వేటలు, పిల్లలు, వాళ్ళ జ్వరాలు వచ్చి పడ్డాయి.

అత్తా మామా పోయారు. పిల్లలు ఎవరి కాపురాలకు వాళ్ళు వెళ్ళారు. ఇల్లంతా మాదే అయింది, ఎప్పుడంటే అప్పుడు ఏదంటే అది మాట్లాడుకోవచ్చు. ఒక సాయంత్రం ఇద్దరం గడప మీద కూర్చుని చాలాసేపు ఊరికే ఉండిపోయాం. "ఏందే, పలకవు?" అన్నాడు. "పగలు గదా, ఎవురన్నా వింటారు" అన్నాను. ఇంట్లో పిట్ట కూడా లేదు. ఆయన నవ్వాడు, దగ్గొచ్చేదాకా నవ్వాడు. అచ్చం వాళ్ళ నాయన దగ్గే. నేను వీపు రాశాను. ఇప్పుడు ఆ గడప మీద ఒక్కదాన్నే కూర్చుంటాను. వీధిన పోయేవాళ్ళు నా నవ్వు చూసి, ఈ అవ్వకు ఏమైందోనని తిరిగి తిరిగి చూస్తారు. చూడనీ, పట్టపగలే గదా.