బావ అనకూడని ఇల్లు

మా మావయ్య మంగళవారం పొద్దున పోయాడు. బర్మాలో, సంచౌంగ్ పేటలో మా మూడో అంతస్తు ఇంట్లో, నేనిచ్చిన టీ ఒక గుక్క తాగి, బాగాలేదని చెప్పి, కప్పు పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నాడు. సమాధి దగ్గర పాస్టరుగారు ఆయన్ని సాత్వికుడన్నారు. నేను రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకుని పక్కావిడ వీపు నిమిరింది.

ఆయన మా అమ్మకు సొంత అన్న, నాకు మామగారు. రెండు వైపులా చుట్టరికం కాబట్టి తిట్టే హక్కూ రెండింతలు ఉందనుకునేవాడు. నా కూరలో ఉప్పు ఏనాడూ సరిపోలేదు. నాకూ ఆయనకూ పడేది కాదు. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. నేను ఉన్నదే రాస్తున్నాను.

ఒక్క విద్య మాత్రం ఆయనదే. సేక్కాన్ రేవులో మూటలు మోసే వయసులో ఏటి అవతల తన్లిన్ ఊళ్ళో ఉండేవాడు. అక్కడి పొదల్లో నక్కల్ని పిలవడం నేర్చాడు. రెండు అరచేతులూ నోటి దగ్గర దొప్పలా పట్టి, దెబ్బతిన్న కుందేలు ఏడ్చినట్టు కూసేవాడు. నక్క తనంతట తనే తుపాకి ముందుకొచ్చేది. అది వింటే నేను చెవులు మూసుకునేదాన్ని. అంత బాగా కూసేవాడు.

పెళ్ళైన కొత్తలో మేము తన్లిన్ దాటి చాలా దూరాన, చిత్తడి పక్కన బాతులు పెంచుకున్నాం. మా బతుకంతా ఆ బాతులే. నక్కలు పడి తినేస్తుంటే మావయ్య అరువు తెచ్చిన నాటు తుపాకితో దిగాడు. ఆ నేల ఆయనకు కొత్త. "కొత్త సోటికెల్తే ముందు ఇను, ఆనక నడు" అని అందరికీ చెప్పే మనిషి, ఏ దారి ఎటు పోతుందో నన్ను ఒక్క మాట అడగలేదు. గాలి వాటం చూసుకుని, అక్కడి పడవల రేవు నుంచి మా ఆయన నడిచొచ్చే కాలిబాటకు ఎదురుగా కూర్చున్నాడు. తన చూపు మందగించిందని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మావా, అది మనుషులు నడిసే..." అన్నాను.

"నోర్ముయ్యే. నక్కని కనిపెట్టు, సాలు. కనబడితే దాని పేరెత్తకు. పేరెత్తితే రాదు. బావొచ్చేడు అను. మా అయ్య కాలం నుంచీ అదే మాట."

కూశాడు. మళ్ళీ కూశాడు. తర్వాత రెల్లుగడ్డి కదిలింది. సాయంత్రానికి గాని రానన్న మా ఆయన, భుజాన తవుడు బస్తాతో గడ్డి సందులో కనబడ్డాడు. మాటలొచ్చినప్పటి నుంచీ నేను ఆయన్ని పిలిచేది ఒకటే పిలుపు.

"మావా, బావొచ్చేడు!" అన్నాను.

తుపాకి పేలింది.

గుళ్ళు బస్తాకు తగిలాయి. మా ఆయన నిలువెల్లా తవుడుతో, నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. మావయ్య తుపాకి పారేశాడు. కొడుకు దగ్గరకు పరిగెత్తలేదు, నా మీదికొచ్చాడు.

"ఏటన్నావే? ఏటన్నావు నువ్వు?"

"మొగుడొచ్చేడని సెప్పినాను. మొగుణ్ణి ఇంకేటనాల మరి?"

ఆయన చచ్చేదాకా ఆ కూత మళ్ళీ కూయలేదు. మిగిలిన బాతుల్ని నక్కలు తిన్నాయి, మేము పట్నం వచ్చేశాం. ఇంట్లో బావ అన్న మాట వినబడితే కంచం తోసేసేవాడు. మా ఆయన్ని నేను బర్మావాళ్ళు మొగుణ్ణి పిలిచినట్టు "కో" అని పిలవడం అప్పటినుంచే. తప్పంతా నాదే అన్నట్టు చూసేవాడు. నాది కాదు. ఇప్పుడూ చెబుతున్నాను, నాది కాదు.

ఈ ఇంట్లో ఆయన కుర్చీ తలుపు పక్కనే. సాయంత్రం మెట్ల మీద అడుగుల చప్పుడైతే "ఎవుడది?" అని కేకేసేవాడు. అవి కొడుకు అడుగులేనని ఆయనకు తెలుసు. అయినా "నేనే నాన్నా" అని వినబడేదాకా గొళ్ళెం తీయనిచ్చేవాడు కాదు. వానకు తడిసి ముద్దై వచ్చినా అంతే. కింది అంతస్తువాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. కన్నకొడుకుని రోజూ దొంగలా నిలబెడతావా అని ఎన్నిసార్లు పోట్లాడానో!

"గొంతు ఇనాల" అనేవాడు.

నిన్న సాయంత్రం మా ఆయన పని నుంచి వచ్చి తలుపు అవతల ఆగాడు. ఇవతల గొళ్ళెం మీద చెయ్యి వేసి నేను. తలుపు పక్క కుర్చీ ఖాళీగా ఉంది. మా ఆయన తలుపు తట్టలేదు, నేను తీయలేకపోయాను. ఏడుపొచ్చింది, ఆ ముసలాయన మీద కోపమూ వచ్చింది. చివరికి నేనే కేకేశాను.

"ఎవుడది?"