పైకి చూస్తే రెండు

మా ఆయన ముక్కు చీదితే వీధి చివర ఇస్త్రీ కొట్టు దాకా వినిపించేది. "మీ ఆయన లేచాడమ్మా, ఇక మాకు అలారం ఎందుకు?" అని కొట్టాయన నవ్వేవాడు. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆ మోతే ఒకనాడు మమ్మల్ని కాపాడుతుందని నాకేం తెలుసు?

ఆయన బస్సుల గ్యారేజీలో మెకానిక్కు. బస్సు కింద తవ్విన గుంటలో నిలబడి, తల పైకెత్తి చేసే పని. ఓ రోజు బిగుసుకుపోయిన నట్టు విప్పుతుంటే పానా జారి ఎడమ కన్ను కింద బలంగా తగిలింది. కమిలిన మొహంతో ఇంటికొచ్చి, "ఏం లేదే, బస్సు ముద్దుపెట్టింది" అన్నాడు.

పైకి చూస్తే ప్రతిదీ రెండుగా కనిపిస్తోందని మాత్రం చెప్పలేదు. గుంటలో ఒక కన్ను మూసుకుని నెట్టుకొచ్చాడు. "బస్సుకి కన్ను కొడుతున్నావేంట్రా?" అని తోటివాళ్ళు ఏడిపించారట. నవ్వి ఊరుకున్నాడు. సంగతి తెలిస్తే గుంటలోకి దిగనివ్వరు, బయట కూర్చోబెట్టి టైర్లకు గాలి కొట్టిస్తారు. ఆయన భయం అదే.

అంతలో జలుబు చేసింది. పొద్దున్నే అలవాటుగా చీదాడు. చూస్తుండగానే ఎడమ కన్ను బుడగలా ఉబ్బి మూసుకుపోయింది. నేను కెవ్వుమని, చెప్పులు కూడా వేసుకోకుండా ఆస్పత్రికి లాక్కుపోయాను.

"కంటి కింద ఎముక చాలా పలచన. అది పగిలింది. చీదినప్పుడు ఆ పగుల్లోంచి గాలి కంటి చుట్టూ చేరింది" అంది డాక్టరమ్మ. "కన్ను తిప్పే కండ కూడా అందులో ఇరుక్కుంది. అందుకే కన్ను పైకి లేవట్లేదు. కనుగుడ్డుకి ఏం కాలేదు, అదృష్టం. ఇంకా ఆలస్యమైతే ఆ కండ అక్కడే అతుక్కుపోయేది. నేను చెప్పేదాకా ముక్కు చీదకండి."

"అదొక్కటీ అడక్కండి డాక్టరమ్మా, వీధిలోవాళ్ళు నిద్ర లేవరు" అన్నాడీయన.

ఆపరేషన్ చేసి కండను విడిపించారు. రెండుగా కనిపించడం మాత్రం వెంటనే పోలేదు. ఓపిక పట్టమన్నారు. నాకు అదే తక్కువ. రోజూ సాయంత్రం ఆరిన బట్టలు తీసేటప్పుడు, తీగ కింద బల్ల మీద ఆయన్ని పడుకోబెట్టి, తలాపున నిలబడి వంగి అడిగేదాన్ని.

"ఎంతమంది?"

"ఇద్దరు. ఇద్దరూ తిడుతున్నారు."

ఓ సాయంత్రం ఎడమ కన్ను మూసి తెరిచి, మళ్ళీ మూసి తెరిచి చూశాడు. నేను ఇంకా కిందికి వంగాను. "ఏమండీ, ఎంతమంది?"

"ఒక్కతే" అన్నాడు మెల్లగా. "మంచిది వెళ్ళిపోయింది."

చేతిలో ఉన్న తువ్వాలుతో ఒక్కటేసి, అక్కడే కూలబడి ఏడ్చాను.

మళ్ళీ గుంటలోకి దిగాడు, రిటైరయ్యేదాకా దిగుతూనే ఉన్నాడు. ఆ దెబ్బకు మొద్దుబారిన ఎడమ బుగ్గకు మాత్రం స్పర్శ తిరిగి రాలేదు. గడ్డం గీసుకుంటూ కోసుకుని, తెలియక అలాగే తిరిగేవాడు. తుడిచేది నేను.

నిరుడు గుండె ఆగి వెళ్ళిపోయాడు. వీధి ఇప్పుడు ఆలస్యంగా లేస్తోంది. ఆ డాక్టరమ్మకూ, వేళకు వచ్చిన ఆ పాడు జలుబుకూ దణ్ణం పెట్టుకుంటాను. వాళ్ళ పుణ్యమా అని అన్నేళ్ళూ తలెత్తి బతికాడు. బల్ల ఇంకా తీగ కిందే ఉంది. బట్టలు తీసి దాని మీదే మడతపెడతాను.