నెమళ్ళకు పోసిన జొన్నలు

1989 జూన్. అప్పట్లో నేను విశ్వవిద్యాలయంలో వన్యప్రాణుల ఆవాసాల గురించి పాఠాలు చెప్పేదాన్ని. దీన్నే హ్యాబిటాట్ మేనేజ్‌మెంట్ అంటారు. జంతువుకు తిండి, నీళ్ళు, నీడ సరిగ్గా దొరుకుతున్నాయా అని చూసే పని. పాలకీడు దగ్గర గుట్టల్లో నెమళ్ళు చచ్చిపోతున్నాయని మిర్యాలగూడ అటవీ అధికారి కబురు పెడితే వెళ్ళాను.

నేను వెళ్ళేసరికే దొంగ దొరికాడన్నారు. గుట్ట పక్క తండాకు చెందిన లచ్చిరాం అనే కూలీని ముందురోజే పట్టుకొచ్చి ఆఫీసు వరండాలో కూర్చోబెట్టారు. ఎప్పుడో కౌజుపిట్టలకు ఉచ్చులు పెట్టాడట, అదే సాక్ష్యం. నెమలి కేసంటే జైలు తప్పదు.

"విషం పెట్టి చంపారని మీరు రాసిస్తే చాలు మేడం, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు అధికారి. నాకు ఒళ్ళు మండింది. చూడకుండా రాయడానికైతే ఇంత దూరం బస్సులో ఎముకలు కుదుపుకుంటూ రావడం ఎందుకు?

"నెమలిని సంపి నేనేం జేసుకుంట అమ్మా? కూలికి పోతేనే మాకు బువ్వ" అన్నాడు లచ్చిరాం.

పశువుల డాక్టరు పోస్టుమార్టం చేస్తే నెమలి మెడ కింద మేతసంచి నిండా జొన్నలున్నాయి. గుట్టలో జొన్నలెక్కడివి? పక్క చేలు చూద్దామని అటవీ ఆఫీసు జీపు తీయించాను. గుట్ట అంచున ఉన్న చేను నర్సిరెడ్డి గారిది. లచ్చిరాం పనిచేసేది ఆయన దగ్గరే, నెమళ్ళు చస్తున్నాయని ఫిర్యాదు చేసిందీ ఆయనే. సుబ్రహ్మణ్యస్వామి వాహనమని రోజూ స్నానం చేసి, నెమళ్ళకు గింజలు పోశాకే తాను తినే మనిషి. చచ్చిన నెమలిని చూపిస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"ఏం గింజలు పోస్తున్నారు?" అని అడిగాను.

"జొన్నలే మేడం. ఇత్తంగ మిగిలినయ్. మందు పట్టిచ్చినయే, పారబోస్తే పాపం గదా. గులాబి రంగు పొయ్యేదాక కడిగి ఎండబోసిన. ఎంత తెల్లగున్నయో సూడుండ్రి."

గింజను పురుగు తినకుండా విత్తే ముందు మందు పట్టిస్తారు. దాన్ని సీడ్ ట్రీట్‌మెంట్ అంటారు. ఎవరూ తినకూడదని తెలియడానికే ఆ రంగు. ఆయన రంగు కడిగేశారు, మందు గింజలోనే ఉంది. ఇంత భక్తిగా చంపుతున్న మనిషిని ఏమని తిట్టను?

"అన్నీ నెమళ్ళకే పోశారా?" అన్నాను.

"లే మేడం. మొన్న లచ్చిరాంకు కూలి కింద కొన్ని కొలిసిచ్చిన."

ఆ గింజలు గుప్పెడు తీసుకుని, ఆయన్ని కూడా జీపెక్కించుకుని తండాకు పరుగెత్తాం. లచ్చిరాం భార్య సక్రి ఇద్దరు పిల్లల్ని గుడిసె ముందు పడుకోబెట్టుకుని ఉంది. వాంతులు, నోటి వెంట చొంగ. పొద్దున జొన్నరొట్టెలు తిన్నారట. ఉన్నవి పిల్లలకే పెట్టి తాను పస్తు ఉంది.

"ఎండదెబ్బ అనుకున్న అమ్మా. మా ఆయన్నేమో ఫారెస్టోళ్ళు పట్కపాయిరి. దవాఖానకు ఎవలు తీస్కపోతరు?" అంది.

తట్టలో మిగిలిన పిండిని చూసి నర్సిరెడ్డి గారు అక్కడే కూలబడ్డారు. ఆయన ఒళ్ళోనే ఒక పిల్లను పెట్టి మిర్యాలగూడ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కడిగిన గింజలు డాక్టరు చేతిలో పోసి విషయం చెప్పాను. ఆయన వెంటనే ఇంజక్షన్లు మొదలుపెట్టారు. సాయంత్రానికి పిల్లలు కళ్ళు తెరిచారు. నాకు ఏడుపాగలేదు.

లచ్చిరాంను వదిలేశారు. ఆసుపత్రికి వచ్చి పిల్లల తలలు నిమిరి, నా వైపు తిరిగాడు.

"నెమళ్ళు సచ్చినయని అంత దూరం నుంచి వస్తిరి అమ్మా. అవి సావకుంటే మా పోరల కోసం ఎవలొస్తుండె?"

ఆ తర్వాత ఎక్కడ జంతువులు చచ్చాయని పిలిచినా, కళేబరం దగ్గరికి వెళ్ళేముందు పక్కనున్న ఇళ్ళకు వెళ్ళి, పిల్లలు ఏం తిన్నారని అడుగుతున్నాను.