మూడో మెట్టులో పేరు

నేను చేసే పని ఏమిటో అమ్మకి ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. పోర్ట్ బ్లెయిర్‌లో గోల్ ఘర్ దగ్గర ఒకాయన వైజాగ్ నుంచి, చెన్నై నుంచి ఓడలో జనం సామాను తెప్పించి ఇస్తాడు. ఆయన కోసం గరాచర్మలో నా అద్దె గదిలో కూర్చుని యాప్‌లను ఒకదానికొకటి కలుపుతాను. మొదటి మెట్టులో కస్టమర్ ఫారం నింపుతాడు. రెండో మెట్టులో ఆ వివరాలు జాబితాలోకి ఎక్కుతాయి. సామాను దిగిందని ఆయన టిక్కు పెట్టగానే మూడో మెట్టు దానంతట అదే మెసేజ్ పంపుతుంది. పైనుంచి వచ్చిన పేరు, నంబరు కిందికి సరిగ్గా అందేలా చూడటమే నా ఉద్యోగం. రోజంతా ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అది నాకు నచ్చిందనే అనుకునేదాన్ని.

పేర్లు చేతులు మారితే ఏమవుతుందో నాకు ముందే తెలుసు. సునామీ వచ్చినప్పుడు తమ్ముడు దక్షిణాన చివరి దీవిలో, క్యాంబెల్ బేలో ఉన్నాడు, ఒక కాంట్రాక్టర్ దగ్గర సూపర్‌వైజర్‌గా. ఇరవై రెండేళ్ళు. అక్కడ ఒకరు వైర్‌లెస్‌లో పేర్లు చదివితే ఇక్కడ ఇంకొకరు రాసుకునేవారు, మరొకరు దాన్ని తిరగరాసి గోడకి అంటించేవారు. బతికున్నవాళ్ళ జాబితాలో వాడి పేరు కనిపించింది. ఇంటిపేరు దారిలో ఎక్కడో రాలిపోయింది. మూడు రోజులు మా అంత సంతోషంగా ఎవరూ లేరు. తీరా ఓడ దిగింది అదే పేరున్న ఇంకెవరో అబ్బాయి. పాపం, అతని తప్పేముంది! అయినా అతని మీద నాకొచ్చిన కోపం ఇంకా గుర్తుంది. తమ్ముడు శవంగా కూడా దొరకలేదు.

ఆ తర్వాత చాలా నెలలు, అక్కణ్ణుంచి ఓడ వచ్చిన ప్రతిసారీ వాడు దిగుతాడేమోనని అమ్మ జెట్టీకి వెళ్ళింది. నేను ఇంట్లో వాడి పేరు ఎత్తడం మానేశాను. ఎత్తితే అమ్మ మళ్ళీ ఆశపడుతుందని భయం. కొన్నాళ్ళకి తనూ మానేసింది. మరిచిపోదలుచుకుంది కాబోలు, మంచిదే అనుకున్నాను.

జెట్టీ దగ్గర తిరిగిన ఆ రోజుల్లోనే క్యాంబెల్ బే వాళ్ళు కొందరు అమ్మకి చుట్టాల్లా అయిపోయారు. అక్కడ సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అందుకని సామాను తెప్పించుకునేటప్పుడు ఫోన్ నంబరు అన్నచోట వాళ్ళు డాలీగంజ్‌లో ఉన్న మా అమ్మ నంబరే రాస్తారు. అమ్మ వెళ్ళి తెచ్చి, అటు వెళ్ళే ఓడ దొరికేదాకా ముందుగదిలో పెడుతుంది. దీవుల్లో ఇదంతా మామూలే.

ఒకరోజు మెసేజ్‌లోకి తెలుగు కూడా చేర్చాను. సరిచూడటానికి ఏదో ఒక పేరు కావాలి. తమ్ముడి పేరు కొట్టాను. ఎందుకంటే ఏం చెప్పను, గదిలో ఒక్కదాన్నే ఉన్నాను, వాడి మీద బెంగగా ఉంది. ఫలానా గారూ, మీ సామాను వచ్చింది, హడ్డో జెట్టీ గోడౌన్‌లో తీసుకోండి అని నా ఫోన్‌కే వచ్చింది. బతికుండగా వాణ్ణి ఎవరూ గారు అనలేదు. ఇంకోసారి పంపుకున్నాను. ఆ తర్వాత మరోసారి. అయ్యాక చేత్తో కొట్టిన ఆ పేరు చెరిపేసి, మొదటి మెట్టు నుంచి వచ్చే పేరును అక్కడ తగిలించాలి. చెరపబుద్ధి కాలేదు. తర్వాత చేద్దాంలే అని లేచాను, మరిచిపోయాను.

ఓడ వచ్చిన రోజు పొద్దున్నే గోల్ ఘర్ ఆయన ఫోన్ చేశాడు.

"దీదీ, యే కౌన్ హై? ఎవరీయన? ఓడ మొత్తం ఈయనొక్కడే తెప్పించుకున్నాడా? అందరికీ ఇదే పేరు పోయింది!"

జాబితా తెరిచాను. అందులో అమ్మ నంబరు ఉంది. పదిహేడేళ్ళ తర్వాత కొడుకు పేరు మీద హడ్డో జెట్టీకి రమ్మని అమ్మకి మెసేజ్ పంపాను నేను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆటో ఎక్కి, చెప్పులు రెండు జతల్లోవి వేసుకున్నానని జెట్టీ దగ్గర దిగాక చూసుకున్నాను.

గోడౌన్ బయట అమ్మ ఒక అట్టపెట్టె మీద కూర్చుని ఉంది.

"ఏటే ఆ పరుగు? పడిపోగలవు."

"అమ్మా, ఆ మెసేజ్ తప్పు. నేనే..."

"ఆడు రాడని నాకు తెల్దేటే? క్యాంబెల్ బే వోళ్ళ సామాను కోసం వొచ్చేను." ఫోన్ తెరిచి నాకు చూపించింది. "ఇది మాత్రం పదిసార్లు చదివేను. ఎవులో ఆడి పేరు రాసేరు గదా అని. నువ్వు నా ముందర ఆడి పేరెత్తి ఎన్నాళ్ళయిందే?"

"నువ్వు బాధపడతావని..."

"పడతాను. పడనీ. ఒక్కదాన్నే పడతన్నాను గదా ఇన్నాళ్ళూ."

చాలా సిగ్గేసింది. పెట్టె ఆటోలో పెట్టి అమ్మ పక్కన కూర్చున్నాను. డాలీగంజ్ చేరేలోపు రెండుసార్లు వాడి పేరు అనబోయి, ఆటో అతనికి దారి చెప్పాను. అమ్మ రోడ్డు వైపు చూస్తోంది. తొందరపెట్టలేదు. ఇంటి మలుపు తిరుగుతుండగా, చిన్నప్పుడు వాణ్ణి అన్నానికి పిలిచినట్టు, పేరు పెట్టి గట్టిగా పిలిచాను.

"ఆఁ," అని వాడి బదులు పలికింది అమ్మ.