గేటు పక్కన తెల్ల డబ్బా

మా చెల్లెలి చేతులు ఊరికే ఉండవు. మాటల్లో ఉంటూనే పక్కనున్న పిల్ల జడ విప్పి మళ్ళీ అల్లేస్తుంది, నా చీర అంచున దారం ఊడి కనిపిస్తే సూది తెమ్మంటుంది. అది నర్సరీలో అంట్లు కట్టే మనిషి. వేరున్న మొక్కను తల కోసి, ఇంకో చెట్టు కొమ్మను కొస సన్నగా చెక్కి అందులో దోపి, ప్లాస్టిక్ పట్టీ బిగించి చుట్టేస్తుంది. మనం కళ్ళార్పేలోగా అయిపోతుంది. దాని చేతి మొక్కలు ఎవరెవరి బంగళాల ముందో, ఎంతెంత పెద్ద ఆఫీసుల ముందో పూస్తున్నాయి. మొక్కలు ఊరంతా తిరిగాయి గానీ, వాటిని కట్టినదానికి మాత్రం మొగుడితో కలిసి ఆ నర్సరీ గేటు దాటడం గగనమైపోయింది.

దాని మొగుడు, అంటే మా మరిది, నోట్లో నాలుక లేని మనిషి. ఏం చెప్పినా తల ఊపుతాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినా ముందు మా చెల్లెలి మొహం చూసి, అది ఏమనుకుంటోందో కనిపెట్టి అప్పుడు చెబుతాడు. మొదట్లో ఇద్దరూ ఒక పూలతోటలో పని చేసేవాళ్ళు. ఆ తోట ప్లాట్లయిపోయి పని పోయినప్పుడు ఈ నర్సరీ మేస్త్రీ వచ్చాడు. అన్నీ తియ్యటి మాటలే. ఇద్దరికీ పని, ఉండడానికి గది, మొగుడూ పెళ్ళాలు ఒక్కచోటే ఉండొచ్చు అన్నాడు. అక్కడ చుట్టుపక్కల బడి లేదు కాబట్టి కూతుర్ని నా దగ్గర వదిలి వెళ్ళారు. గుర్తింపు కార్డులు మాత్రం చేరిన రోజే ఆఫీసు బీరువాలోకి పోయాయి. గదుల్లో ఉంచితే ఎలుకలు కొరికేస్తాయని మేస్త్రీ భయమట. పాపం, ఎలుకల మీద ఎంత పట్టింపో! ఆ కార్డు చూపించకపోతే ఇంకోచోట గది దొరకదు, పనీ దొరకదు.

ఆ నర్సరీలో ఎక్కడా తాళం లేదు. ఈ మాట ఎవరు అడిగినా ఒట్టేసి చెబుతాను. గదులకు ఉత్త గొళ్ళేలే. గేటు పగలంతా బార్లా తెరిచే ఉంటుంది. సెలవు రోజున బయటికి వెళ్ళొచ్చు కూడా. కాకపోతే పెళ్ళాం వెళితే మొగుడు ఉండాలి, మొగుడు వెళితే పెళ్ళాం ఉండాలి. ఉండడమంటే గదిలో పడి నిద్రపోవడం కాదు. గేటు పక్కన ఖాళీ రంగు డబ్బాలు వరసగా బోర్లించి ఉంటాయి, జంటకొకటి. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేదాకా వాచ్‌మన్ కళ్ళెదుట ఆ డబ్బా మీద కూర్చోవాలి. మావాళ్ళది తెల్ల డబ్బా. పెళ్ళికాని వాళ్ళను ఆ మేస్త్రీ పనిలో పెట్టుకోడు. సంసారులైతే నమ్మకంగా ఉంటారంటాడు. ఎంత నమ్మకమో చూశారా!

వాళ్ళకంటే ముందు ఒక జంట వెనక గోడ దూకి పారిపోయిందట. మేస్త్రీ మనుషులు లారీలో వెళ్ళి వాళ్ళను వెతికి పట్టుకొచ్చారు. మర్నాడు ఆ మొగుడు వాచిపోయిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో సంచుల్లో మట్టి నింపుతుంటే ఏమైందని అడిగినవాళ్ళు లేరు. ఆ తర్వాత ఆ గోడ వైపు ఎవరూ వెళ్ళలేదు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు కనిపించింది ఒకటే, ఒక సెలవుకు చెల్లెలు వస్తుంది, ఇంకో సెలవుకు మరిది వస్తాడు, ఇద్దరూ కలిసి మాత్రం రారు. చెల్లెలు వచ్చినా కుదురుండదు. కంచం ముందు కూర్చుని గుమ్మం వైపు చూస్తుంది, రెండు ముద్దలు తిని లేస్తుంది. కాసేపు ఉండవే అంటే, ఆయన ఎండలో కూర్చుని ఉంటాడక్కా అని చటుక్కున నాలుక కరుచుకునేది. ఎండలో ఎందుకు కూర్చుంటాడే, నీడ లేదా అంటే మాట మార్చేసేది. ఇక్కడ ఒక్క మాట జారితే అక్కడ డబ్బా మీద ఉన్నవాడికి ఏమవుతుందోనని దాని భయం.

పిల్ల ఊరుకుంటుందా? దానికి పద్నాలుగేళ్ళొచ్చాయి. అమ్మానాన్నా విడిపోయారని, తన దగ్గర దాస్తున్నారని తేల్చేసుకుంది. నేనూ అదే అనుకుని మరిదిని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టిపోశాను. ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకోమంటే తీసుకోను, కొన్ని అతనికి వేరే విషయాల్లో సరిపోతాయి. తిడుతున్నంతసేపూ అతను తల దించుకుని నిలబడ్డాడు. చివరికి పిల్ల వాళ్ళమ్మతో తెగేసి చెప్పింది.

"వస్తే ఇద్దరూ కలిసి రండి. లేకపోతే ఇద్దరూ రావద్దు."

తర్వాతి సెలవుకు చెల్లెలు ఒంటరిగానే వచ్చింది. పిల్ల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. చెల్లెలు ఆ తలుపు దగ్గర ఎంతసేపు నిలబడిందో, ఏమని బతిమాలిందో నేను చెప్పలేను, నాకు వినబుద్ధి కాక పెరట్లోకి వెళ్ళిపోయాను. వెళ్ళేముందు అది నా చెయ్యి పట్టుకుని, మేము విడిపోలేదక్కా అంది. మరి ఇద్దరూ కలిసి రావడానికి ఏమొచ్చిందే అంటే ఏడ్చింది గానీ చెప్పలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ నర్సరీ మొక్కలన్నీ కొనేది తోటలు వేసే ఒక పెద్ద కంపెనీ. తమ దగ్గరే కాదు, తమకు మొక్కలూ కుండీలూ ఎరువూ అమ్మేవాళ్ళ దగ్గర కూడా ఎవరి చేతా వెట్టిచాకిరి చేయించకూడదని ఆ కంపెనీ కొత్తగా నియమం పెట్టుకుంది. అన్నీ చూసి రమ్మని ఒకావిడను పంపింది. ఆవిడ వచ్చే రోజు పొద్దున్నే మేస్త్రీ గదులు కడిగించాడు, అందరికీ కొత్త చేతితొడుగులు పంచాడు, బీరువాలోంచి కార్డులు తీసి ఎవరివి వాళ్ళ చేతిలో పెట్టాడు. సాయంత్రం మళ్ళీ ఇచ్చెయ్యాలని కూడా చెప్పాడు.

వచ్చినావిడ మంచిదే. మేస్త్రీని దూరంగా నిలబెట్టి, ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి మాట్లాడింది. రాత్రిళ్ళు తాళం వేస్తారా? వెయ్యరు. సెలవు రోజు బయటికి వెళ్ళనిస్తారా? వెళ్తాం. మీ కార్డులు ఎక్కడున్నాయి? ఇవిగో. అన్నీ నిజాలే, ఒక్క అబద్ధం లేదు. అసలు సంగతి చెప్పాలని మా చెల్లెలికి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఈవిడ సాయంత్రానికి వెళ్ళిపోతుంది, మేస్త్రీ ఇక్కడే ఉంటాడు. అడిగినవాటికే జవాబిచ్చి లేచింది.

ఆవిడ వెళ్ళడానికి కారు దగ్గరికి వచ్చింది. మా చెల్లెలు కార్డును గుప్పిట్లో పట్టుకుని వెంట నడిచింది. దాని కళ్ళముందు పిల్ల గడియ పెట్టుకున్న తలుపే ఉందట. మమ్మల్నిద్దర్నీ తీసుకెళ్ళండి అని అడగాలనే వెళ్ళింది. మేస్త్రీ చూస్తుండేసరికి, నన్ను బస్సు ఆగేచోట దింపండి మేడమ్, మా పిల్లను చూసి రావాలి అని మాత్రం బయటికొచ్చింది. దానికేముంది ఎక్కండి, మీ ఆయన్ను కూడా రమ్మనండి, ఇద్దరూ కలిసి వెళ్ళండి అంది ఆవిడ. మేస్త్రీ పళ్ళికిలించాడు. వెళ్ళండి, మిమ్మల్ని ఎవరాపారు అన్నాడు.

ఏ మాట కోసం ఏళ్ళ తరబడి కళ్ళు కాయలు కాచాయో ఆ మాట మేస్త్రీ నోటే వచ్చింది. చెల్లెలు గబగబా వెనక సీట్లోకి ఎక్కి, మొగుడికి చోటిస్తూ అవతలికి జరిగింది. మా మరిది గేటుదాకా వచ్చాడు. కారు తలుపు తెరిచే ఉంది. అతను దాన్ని దాటి పక్కకు తిరిగి, వెళ్ళి తెల్ల డబ్బా మీద కూర్చున్నాడు.

కారు ఎక్కరేంటని ఆవిడ అడిగింది.

"అది వెళ్తోంది కదండీ," అన్నాడు మా మరిది. "నేనిక్కడ కూర్చోవాలి."

"ఎప్పటిదాకా?"

"అదొచ్చేదాకా."

ఎదురుచెప్పడానికి అన్నది కాదు అది, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టే చెప్పాడు. మేస్త్రీ గట్టిగా నవ్వి, వాడొట్టి అమాయకుడు మేడమ్ అన్నాడు. ఆవిడ నవ్వలేదు. అప్పుడు చూసిందట ఆ డబ్బాల వరస. కూర్చుని కూర్చుని అన్నిటికీ నడిమధ్య సొట్టలు పడి ఉన్నాయి. ఆయన వెళ్ళినప్పుడు ఎవరు కూర్చుంటారని మా చెల్లెల్ని అడిగింది. ఇక దాచడానికి ఏముంది? నేను అంది చెల్లెలు.

ఆవిడ కారు ఇంజన్ ఆపించింది. మేస్త్రీ మొహం మాడిపోయింది. లేచి కారెక్కరా అని మా మరిది మీద అరిచాడు. అతను లేవలేదు. డబ్బా రెండు పక్కలా పట్టుకుని ఇంకా గట్టిగా కూర్చున్నాడు. లేస్తే ఏం ముంచుకొస్తుందోనని. చివరికి చెల్లెలే కారు దిగి వెళ్ళి, అతని వేళ్ళు ఒక్కొక్కటే డబ్బా నుంచి విడదీసింది.

"లేవయ్యా. ఈసారి ఇద్దరం వెళ్దాం."

నా మాటేమిటంటే, అతను కాస్త తెలివైనవాడై ఉంటే చక్కగా కారెక్కి వచ్చేసేవాడు, మిగతా జంటలు ఇవాళ్టికీ ఆ డబ్బాల మీదే ఉండేవి. ఆవిడ కారు గేటుకు అడ్డంగా పెట్టించి, కార్మిక శాఖకు ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేదాకా కదల్లేదు. కంపెనీ కూడా మొక్కలు కొనడం మానేసి చేతులు దులుపుకోలేదు. కార్డులు ఎవరివి వాళ్ళ దగ్గరే ఉండేలా, ఆ మేస్త్రీ మళ్ళీ ఆ ఛాయలకు రాకుండా చూసింది. ఇప్పుడు ఆవిడ ఏ నర్సరీకి వెళ్ళినా తాళాల సంగతి తర్వాత అడుగుతుందట. ముందు అడిగేది, మీరిద్దరూ కలిసి బయటికి వెళ్ళి ఎన్నాళ్ళయిందని.

ఆ రోజు పొద్దుపోయాక ఆవిడే ఇద్దర్నీ మా సందు చివర దింపి వెళ్ళింది. తలుపు తీసింది పిల్లే. వాళ్ళమ్మను చూసింది, వాళ్ళ నాన్నను చూసింది, మళ్ళీ వాళ్ళమ్మను చూసింది. దారిచ్చి, ఇద్దరికీ చెరో గ్లాసు నీళ్ళు తెచ్చింది. గేటు దగ్గర జరిగింది చెల్లెలు రెండు ముక్కల్లో చెప్పింది. నాకు ఏడుపొచ్చి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను.

పాలు లేవంటే చెల్లెలు నేను తెస్తానని చెప్పులేసుకుంది. అది సందు మలుపు తిరగగానే మా మరిది లేచాడు. పెరట్లోకి వెళ్ళి నేను బట్టలుతికే బకెట్ తెచ్చి, వాకిట్లో బోర్లించి, దాని మీద కూర్చున్నాడు, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని. ఇక్కడెవరూ నిన్నేమీ అనరయ్యా, లోపలికి రా అన్నాను. పర్లేదు వదినా, అదొచ్చేస్తుంది అన్నాడు సందు వైపే చూస్తూ.

పిల్ల గుమ్మంలో నిలబడి వాళ్ళ నాన్నను చాలాసేపు చూసింది. ఇన్నాళ్ళూ తనను చూడడానికి అమ్మ వచ్చిన ప్రతిసారీ నాన్న ఎక్కడున్నాడో దానికి అప్పుడు అర్థమైంది. మెల్లగా మెట్లు దిగి వచ్చి, ఆ బకెట్ పక్కన నేల మీద కూర్చుంది.

"అమ్మ వచ్చేదాకా నేనూ ఇక్కడే ఉంటాలే నాన్నా," అంది.